డెల్ఫో మూడుసార్లు విన్న రికార్డు

మా పాప అనీటాకు నాలుగో నెల వచ్చేనాటికి నా దగ్గర ఒక గది ఉష్ణోగ్రత చూసే పరికరం, ఒక తేమ చూసే పరికరం, ల్యాబ్ నుంచి అరువు తెచ్చిన శబ్దం కొలిచే మీటరు ఉన్నాయి. ఆ మీటరు పట్టుకునే నేను మొదటిసారి కింది అంతస్తు తలుపు తట్టాను. మధ్యాహ్నం మూడున్నర. తలుపు తీసినాయన పొడుగ్గా, ముందుకు వంగి ఉన్నాడు. పేరు డెల్ఫో పిట్టలూగా. ముప్పైయొక్క ఏళ్ళు కొండ మీదికి వెళ్ళే ఏటవాలు రైలు నడిపి రిటైరయ్యాడు. మా ఊరు జెనోవాలో సగం మందిని ఆయన ఎప్పుడో ఒకప్పుడు పైకి తీసుకెళ్ళినవాడే.

"సిన్యోర్, మీ పాట మా పాప ఉయ్యాల దగ్గర యాభై ఎనిమిది డెసిబెల్స్ వస్తోంది" అన్నాను మీటరు చూపిస్తూ.

ఆయన మీటరు వంక చూడలేదు. "గొంతు వచ్చే చోటా, డ్రమ్స్ వచ్చే చోటా?"

"డ్రమ్స్ దగ్గర."

"అయితే పాపది తప్పు లేదు. ఆ డ్రమ్స్ వాయించేవాడు పాటని మొయ్యడు, తరుముతాడు. నాకూ నిద్రపట్టదు. ఏం చదివావమ్మా నువ్వు?"

"ఫిజిక్స్."

"అదీ సంగతి. లోపలికి రా డాక్టరమ్మా. డ్రమ్స్ లేనిది పెడతాను. పాపకి నచ్చకపోతే అప్పుడు పోలీసుల్ని పిలువు."

ఆ రోజు నుంచి నేను ఆయనకు డాక్టరమ్మనే. మా దగ్గర డిగ్రీ చదివినవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. పేరు మార్జియా అని ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోలేదు. ఆయన పెట్టిన రికార్డులో గిటారు, ఒక మగ గొంతు, అంతే. పైకొచ్చి చూస్తే అనీటా నిద్రపోతోంది. తర్వాత తర్వాత మధ్యాహ్నం కింద పాట మొదలైతేగానీ కన్ను మూసేది కాదు.

డెల్ఫో ఇంట్లో గోడలన్నీ రికార్డులే. సొంతంగా పాట కట్టి, సొంతంగా పాడుకునే వాగ్గేయకారులు కిటికీ ఉన్న గోడకి. రాక్ బృందాలు వంటింటి గోడకి. "రాక్‌కి నూనె పొగ తగిలినా ఏం కాదు" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నే పాలకాఫీలో ఉప్పురొట్టె ముంచుకుని తిని, పదింటికి మొదటి రికార్డు పెట్టేవాడు. ఇతరులకు మ్యూజిక్ నచ్చడం, నచ్చకపోవడం ఉంటుంది. ఆయనకు తీర్పు ఉండేది. ప్రతి రికార్డుకూ ఒక అట్టముక్క, దాని మీద సన్నటి అక్షరాల్లో రెండు మూడు వాక్యాలు. చెప్పుల డబ్బాల్లో వరసగా పేర్చి ఉండేవి. పాపని ఒళ్ళో వేసుకుని అవి చదువుతూ కూర్చోవడం నాకు అలవాటైంది.

టొరీనో గాయకుడొకడి గురించి: "పదకొండు పాటలు. తొమ్మిదింట్లో వాన. టొరీనోలో అంత వాన పడదు." 'గాజు దీపస్తంభం' అనే రాక్ బృందం గురించి: "ఒక వైపంతా ఒకటే పాట, ఇరవై ఒక్క నిమిషాలు. పద్నాలుగో నిమిషంలో ఆర్గన్ వాయించేవాడికి మంచి ఆలోచన వచ్చింది. పదిహేనో నిమిషంలో మరచిపోయాడు." ఇంకొకరి గురించి: "వయొలిన్లు పెట్టారు. పాట మీద నమ్మకం లేనప్పుడు పెడతారు."

"మీకు నచ్చినవాళ్ళే లేరా?" అని అడిగాను ఒకసారి.

"ఉన్నారు, నలుగురు" అన్నాడు. "చూడమ్మాయ్, మొదటి రికార్డు ఎవడైనా చేస్తాడు. దాని వెనక పాతికేళ్ళ బతుకుంటుంది. రెండోదాని వెనక పదకొండు నెలలుంటాయి. అంచేత మొదటిది విని రెండోది కావాలనిపించిందంటే, వాడు మనవాడు."

ఆ నలుగురి అట్టల మీదా చివరి వాక్యం ఒకటే: "రెండోదాని కోసం ఎదురుచూస్తాం." ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు లేదు. డెబ్భైల చివర్లో ఆయనే టైపు కొట్టి, నకళ్ళు తీసి, రైల్లో పంచిన నాలుగు కాగితాల పత్రిక ఒకటుండేది. పేరు 'రెండో వైపు'. నాలుగు వందల ప్రతులు. జెనోవాలో పాట పాడేవాడు ప్రతివాడూ దాన్ని తిడుతూ చదివేవాడట. చదివేవాళ్ళు దాన్ని నమ్మడానికి కారణం ఆయన పెట్టుకున్న నియమం. ఏ రికార్డునైనా సరిగ్గా మూడుసార్లు వినాలి. అదే కుర్చీలో, అదే యంత్రం మీద, మూడు వేర్వేరు రోజుల్లో. తర్వాత రాయాలి. రాసింది మార్చకూడదు. స్నేహితుడికైనా, మేయరుకైనా, సొంత అమ్మకైనా ఒకటే.

ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన మెట్లు దిగి సందులో నీవెస్ కానెపా కొట్టుకు వెళ్ళేవాడు. ఆ కొట్లో శనగపిండి, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాటా దొరుకుతుంది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. వరసలో నిలబడ్డవాళ్ళు అంచు కావాలనో, నడిమి కావాలనో అడుగుతున్నారు. కరకరలాడే మాడిన అంచంటే డెల్ఫోకు ప్రాణం. నీవెస్ ఆయన్ని అడక్కుండానే మెత్తటి నడిమి ముక్క కోసి కాగితంలో పెట్టింది. ఆయన మాట్లాడకుండా తీసుకున్నాడు.

"అంచు అడగొచ్చుగా?" అన్నాను బయటికొచ్చాక.

"ముప్పైఆరేళ్ళుగా నడిమి ముక్కే పెడుతోంది. ఇప్పుడడిగితే బాగుండదు."

"ఎందుకలా?"

"నేనొకటి రాశాను" అన్నాడు. మెట్లెక్కుతూ మూడు చోట్ల ఆగాడు. మూడో చోట చెప్పాడు. నీవెస్ ఒకప్పుడు పాడేది. రేవు దగ్గర పూటకూళ్ళ ఇంట్లో ఆమె పాడుతుంటే చేపలు దించేవాళ్ళు గ్లాసులు చప్పుడు కాకుండా పెట్టేవాళ్ళట. డెల్ఫో ప్రతి శనివారం వెళ్ళేవాడు. 1979లో ఒక చిన్న కంపెనీ ఆమె చేత 'మెట్ల మీద చలికాలం' అనే రికార్డు చేయించింది. అచ్చుకు ముందే ఒక క్యాసెట్ డెల్ఫోకు వచ్చింది. ఆయన మూడుసార్లు విన్నాడు. రాశాడు.

అట్ట తీసి చూపించాడు. "పూటకూళ్ళ ఇంట్లో పాడిన పిల్ల వేరు, ఈ రికార్డులో మనిషి వేరు. గొంతు కిందికి దించి, పాటని బస్తాలా మోస్తోంది. మగవాళ్ళు గౌరవించాలని కాబోలు. ప్రతి మాటా కాలు ఈడుస్తోంది. అలిసిపోయినవాళ్ళు పాడకపోయినా ఫరవాలేదు."

చివరి వాక్యం చదివాక నేను పాపని భుజం మార్చుకున్నాను.

"ఆ శరదృతువులోనే నీవెస్ వాళ్ళ పిన్ని కొట్టు తన చేతికి తీసుకుంది" అన్నాడు డెల్ఫో. "మళ్ళీ పాడలేదు."

"మీరు మళ్ళీ వినలేదా? రికార్డు వచ్చాక?"

"నచ్చనిదాన్ని ఎందుకు కొంటాను? జెనోవావాణ్ణి, పైసా ఊరికే పోనివ్వం." నవ్వబోయి మానేశాడు.

ఆ ఏడు ఏప్రిల్‌లో నీవెస్ కొట్టు మూసేస్తోందని తెలిసింది. జూన్ ఆఖరుకి పొయ్యి ఆర్పేస్తుంది. అది తెలిసిన మర్నాడే డెల్ఫో పైకొచ్చాడు, చేతిలో ఒక క్యాసెట్. ఆయన క్యాసెట్ యంత్రం ఏళ్ళ కిందటే ఆగిపోయింది. దాన్ని ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు. అచ్చుకు ముందొచ్చే క్యాసెట్ల కోసం తప్ప వాడిందీ లేదు. "క్యాసెట్లు లారీ డ్రైవర్లకి" అనేవాడు.

"మీ నాన్న యంత్రం ఒకటుందన్నావుగా. ఒక్కసారి వింటాను" అన్నాడు. "కొట్టు మూసేలోగా."

పాపకు ఆ రోజు ఒళ్ళు వెచ్చగా ఉంది. నేను పదేపదే థర్మామీటరు పెట్టి చూస్తున్నాను. మధ్యలోనే మా నాన్న యంత్రంలో క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. గిటారు మొదలైంది. తర్వాత గొంతు. తేలిగ్గా, ఎండలో ఆరేసిన దుప్పటిలా కొట్టుకుంటూ ఉంది ఆ గొంతు.

డెల్ఫో కుర్చీలోంచి ముందుకు జరిగాడు. "ఇది కాదు."

"ఏది కాదు?"

"ఇది నేను విన్నది కాదు. నీ యంత్రం పరిగెడుతోంది డాక్టరమ్మా. చూసుకో."

చూసుకున్నాను. అలాంటివి చూసుకోకుండా ఉండలేను. అచ్చుకు ముందు క్యాసెట్టూ, తర్వాత వచ్చిన రికార్డూ రెండూ ఆయన దగ్గరున్నది ఒక్కరిదే. రస్తెల్లి అనే గాయకుడిది. రికార్డు ఎవరో బహుమతిగా ఇచ్చారట. రికార్డు మీద మొదటి పాట మూడు నిమిషాల నలభై సెకన్లు. మా నాన్న యంత్రంలో క్యాసెట్ కూడా మూడు నిమిషాల నలభై. తర్వాత డెల్ఫో యంత్రాన్ని పైకి తెప్పించాను. పోయింది ఫ్యూజు ఒక్కటే. మార్చి, అదే క్యాసెట్ పెట్టాను. మూడు నిమిషాల యాభై మూడు.

ఆయన వంటింట్లో పాప పక్కన కూర్చుని ఉన్నాడు. చెప్పాలా వద్దా అని కాసేపు తలుపు దగ్గరే నిలబడ్డాను. చెప్పకపోతే ఏం పోయింది? ఆ మనిషికి అరవై ఏడు. ఆమెకి అరవై మూడు. పాటలు ఎప్పుడో పోయాయి. కానీ జూన్ తర్వాత చెప్పడానికి కొట్టు కూడా ఉండదు.

"సిన్యోర్ డెల్ఫో, మీ యంత్రం నెమ్మదిగా తిరుగుతోంది. నూటికి ఆరు వంతులు. మోటారు వెనక వేగం సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. ఎవరో దాన్ని కదిపారు. ఎక్కడ కొన్నారు?"

"రేవులో. ఓడ దిగినవాడి దగ్గర." ఆగాడు. "ఎప్పటి నుంచి అలా ఉంది?"

"స్క్రూ కదలకుండా వేసిన ఎర్ర లక్క పగిలి ఉంది. పగులు లోపల దుమ్ము గట్టిపడింది. మీరు కొనేటప్పటికే అని నా అనుమానం."

"మూడుసార్లు విన్నానమ్మాయ్. మూడు వేర్వేరు రోజులు."

"ఇందాక పాపకి మూడుసార్లు జ్వరం చూశాను. థర్మామీటరే తప్పయితే మూడుసార్లూ తప్పే చూపిస్తుంది. మూడూ ఒకటే చెప్పాయని ధైర్యం కూడా ఇస్తుంది."

లేచి కిందికి వెళ్ళాడు. కాసేపటికి ఒక డబ్బాతో పైకొచ్చి, అందులోంచి ఏడు అట్టలు తీసి బల్ల మీద పరిచాడు. క్యాసెట్ మీద విన్నవి మొత్తం ఏడే. ఒకదాని మీద "నిద్రమత్తు." ఒకదాని మీద "బరువు." ఇంకొకదాని మీద "ఊబిలో నడక." రస్తెల్లి అట్ట మీద "ఇతనికి వయసు మీదపడింది" అని ఉంది. అప్పటికి రస్తెల్లికి ఇరవై తొమ్మిది. దాని వెనక వేరే సిరాతో, రికార్డు విన్నాక రాసింది: "అచ్చు వేసేటప్పుడు ఎవరో దీనికి ప్రాణం పోశారు."

డెల్ఫో ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "అప్పుడే తెలిసింది నాకు. చూశావా? తెలిసి, వేరే కారణం రాసుకున్నాను. మిగతా ఆరుగురు నన్ను లెక్కచెయ్యలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు. నన్ను నమ్మింది నీవెస్ ఒక్కతే."

స్క్రూ నేను సరిచేస్తానన్నాను. ఒప్పుకోలేదు. చిన్న స్క్రూడ్రైవరు మొన గాట్లో కూర్చోవడానికి పది నిమిషాలు పట్టింది. తిప్పాడు. పాట మళ్ళీ పెట్టి గడియారం చూశాను. మూడు నిమిషాల నలభై.

"ఎంత తిప్పాను?"

"పావు చుట్టు."

"పావు చుట్టు" అన్నాడు, అంతే.

తర్వాతి గురువారం ఆయన వరసలో నిలబడి వంతు వచ్చాక, "నీవెస్, నీతో మాట్లాడాలి" అన్నాడు.

"వెనక పదిమందున్నారు. అంచు కావాలా, నడిమి కావాలా?" అంది నీవెస్. ఆమె ఆయన్ని అలా అడగడం నేను చూడటం అదే మొదలు. ఆయన చూపు పళ్ళెం అంచు మీదికి పోయింది. నడిమి ముక్క కోసింది. "సోమవారం రా. మూసి ఉంటుంది."

శుక్రవారం నుంచి కింద ఒకటే క్యాసెట్ వినిపించింది. ఆదివారం నాటికి మూడు రోజులయ్యాయి, మూడుసార్లయ్యాయి. పది పాటలూ నాకు నోటికొచ్చేశాయి.

సోమవారం పదకొండింటికి యంత్రం నేను మోశాను, అనీటాని ఆయన మోశాడు. కొట్టు తలుపు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాం. పొయ్యి చల్లగా ఉంది. నీవెస్ చొక్కా చేతులు పైకి మడిచి, రాగి పళ్ళెం తిరగేసి బూడిదతో తోముతోంది.

"ఈ పాపెవరు?"

"పైవాళ్ళ అమ్మాయి. నా రికార్డులకి నిద్రపోతుంది."

"అందరూ నిద్రపోయేవాళ్ళే. చెప్పు."

డెల్ఫో చెప్పాడు. వంకర లేకుండా, తనను వెనకేసుకురాకుండా. యంత్రం, స్క్రూ, ఆరు వంతులు, రస్తెల్లి అట్ట వెనక రాసుకున్న వాక్యం. ఆమె పళ్ళెం తోముతూనే ఉంది. అంతా విన్నాక నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజమే సిన్యోరా. నేనే కొలిచాను."

"పెట్టండి. మూడో పాట ఒక్కటే."

మూడో పాట వాళ్ళమ్మ గురించి. రేవులో బస్తాలు కుట్టే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి వేళ్ళు ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూతుర్ని పాడమంటుంది. నీవెస్ గుడ్డ పక్కన పడేసి వింది. రెండో చరణం దగ్గర పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. పాట అయిపోయాక తనే చెయ్యి చాచి ఆపేసింది.

"బాగా పాడింది ఆ పిల్ల" అంది.

"నీవెస్, నేను..."

"ఉండు. నువ్వు రాసింది చదివి ఏం చేశానో తెలుసా? రికార్డు పెట్టుకుని విన్నాను. మా ఇంట్లో, మంచి యంత్రం మీద. అయినా నువ్వు చెప్పినట్టే వినపడింది. ఈడుస్తున్నట్టు, బరువుగా. ఇవాళ్టిదాకా అలాగే వినపడుతోంది లోపల." పళ్ళెం అంచు మీద వేలు తిప్పింది. "నువ్వు అబద్ధాలకోరువైతే ఎంత బాగుండేది డెల్ఫో. పగబట్టాడు, లంచం తిన్నాడు, నేను కాదన్నానని కసి తీర్చుకున్నాడు అనుకునేదాన్ని. ఆ కోపంతోనే ఇంకో రికార్డు చేసేదాన్ని. కానీ నువ్వు అబద్ధం రాయవని ఊరంతటికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు."

డెల్ఫో పాపని నాకిచ్చాడు. కోటు లోపలి జేబులోంచి ఒక అట్ట తీసి గట్టు మీద పెట్టాడు. కొత్త అట్ట. నేను అంతకు ముందు చూడలేదు. నీవెస్ కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని చదివింది.

"'ఏడోదీ తొమ్మిదోదీ అక్కర్లేదు.'" ఆగి ఆయన వంక చూసింది. "ఇప్పుడు కూడానా?"

"తొమ్మిదో దాంట్లో వయొలిన్లున్నాయి."

"కంపెనీవాళ్ళు పెట్టారు. నేను వద్దన్నాను." మళ్ళీ చదవసాగింది. "'మిగిలిన ఎనిమిదీ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నవి కావు. గొంతు ఎక్కడా బరువు కాదు. పాడుతున్నట్టుండదు, కిటికీ తెరిచినట్టుంటుంది.'"

తర్వాత ఇంకొక వాక్యం ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అది ఆమె పైకి చదవలేదు. అద్దాలు తీసేసింది. పొయ్యి నోటి దగ్గరికి వెళ్ళి లోపలికి చూస్తూ కాసేపు నిలబడింది. సందులో ఎవరో తలుపు సగం దించి ఉండటం చూసి, ఇవాళ లేదా అని అరిచారు.

"ఎన్నాళ్ళు ఎదురుచూస్తావు?" అంది చివరికి. వెటకారంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

రికార్డుల గురించి ఏది అడిగినా రెండు వాక్యాల్లో తేల్చేసే మనిషి. టోపీ తీసుకున్నాడు.

నీవెస్ ఆ అట్టని ధరలు రాసిన పలక వెనక దోపింది. క్యాసెట్ తీసి ఆయన జేబులో తనే పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉండనీ. నువ్వు విను."

మేం బయటికొచ్చాక తలుపు పూర్తిగా దించేసింది. మెట్ల దగ్గర డెల్ఫో పాపని మళ్ళీ అడిగి తీసుకున్నాడు. ఈసారి ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. నేనే యంత్రంతో వెనకబడ్డాను. తన తలుపు దగ్గర పాపని నా చేతికిచ్చి, "మూడుసార్లు కాదమ్మా, మూడు చోట్ల వినాల్సింది. నేను ఒక్క యంత్రం మీదే వింటానని రైల్లో వెళ్ళే నాలుగు వందల మందికి తెలిసుంటే ఒకడైనా తన యంత్రం తెచ్చి ఇచ్చేవాడు. నేను అడగలేదు" అన్నాడు.

మూడున్నరకి అనీటాని ఉయ్యాల్లో వేశాను. జ్వరం లేదు. రెండు థర్మామీటర్లతోనూ చూశాను. కిటికీ మూశాను, దీపం ఆర్పాను. కింద నుంచి ఏమీ వినపడలేదు. మీటరు పెట్టి చూస్తే ఇరవై తొమ్మిది డెసిబెల్స్, గదిలో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. పాప కళ్ళు తెరుచుకుని నేల వైపు చెవి పెట్టి, అయిదింటి దాకా నిద్రపోలేదు.